వంటింటి సందేహాలు: బ్రెజిల్ చీజు బన్నులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే వంటకం గురించి ఉన్నాయి. అందుకే మిగతావి వచ్చే నెలకు ఉంచి ఈ పేజీలన్నీ దానికే ఇస్తున్నాం.

ప్రశ్న: ఆఫీసులో బ్రెజిల్ నుంచి వచ్చినాయన తెచ్చిపెట్టిన చీజు బన్నులు తిన్నామండీ. పైన కరకరలాడుతూ, లోపల సాగుతూ ఉన్నాయి. మైదా లేదట, ఈస్టూ లేదట. మరి ఎలా పొంగుతాయి? మా ఇంట్లో మామూలు ఓటీజీ (పైన, కింద రాడ్లుండే చిన్న కరెంటు ఓవెన్) ఉంది. కొలతలతో చెప్పగలరా? (వైట్‌ఫీల్డ్ నుంచి)

జవాబు: బ్రెజిల్‌లో వాటిని పావ్ జి కేజు అంటారు. పోర్చుగీసులో పావ్ అంటే రొట్టె, కేజు అంటే చీజు. మనం తినే పావ్ భాజీలోని పావ్ కూడా ఆ భాష నుంచి వచ్చిన మాటే. పాడికి పేరుపడ్డ మీనాస్ జెరైస్ రాష్ట్రం దీని పుట్టిల్లు. ఒకప్పుడు అక్కడ గోధుమపిండి దొరకడం కష్టం, కర్రపెండలానికి మాత్రం కొదవ లేదు. అందుకే రొట్టె కర్రపెండలం స్టార్చ్‌తో తయారైంది. మన సగ్గుబియ్యం చేసేదీ ఆ స్టార్చ్‌తోనే.

ఈస్టు లేకుండా పొంగడం వింతేమీ కాదు, పూరీ కూడా అలాగే పొంగుతుంది. కర్రపెండలం స్టార్చ్ 65 డిగ్రీల దరిదాపుల్లో ఉడకడం మొదలుపెడుతుంది. మరిగే పాలు పోయగానే అందులో కొంత ఉడికి జిగురుగా మారుతుంది. ఓవెన్ వేడికి లోపలి తడి ఆవిరై బయటికి తన్నుకొస్తుంటే ఆ జిగురు సాగుతూ పట్టి ఉంచుతుంది. గుడ్డు, చీజు గట్టిపడి ఆ ఆకారాన్ని నిలబెడతాయి.

23 ఉండలకు కొలతలివి. కర్రపెండలం స్టార్చ్ 250 గ్రాములు, పాలు 120 మిల్లీలీటర్లు, వాసన లేని నూనె 60 మిల్లీలీటర్లు, ఉప్పు 5 గ్రాములు (తలగొట్టిన చెంచాడు), గుడ్లు 2, సన్నగా తురిమిన చీజు 125 గ్రాములు. స్టార్చ్‌ని కప్పుతో కొలవకండి. కప్పులో నొక్కి పోస్తే ఒక బరువు, జల్లించి పోస్తే ఇంకో బరువు వస్తుంది. ఈ వంటలో 20 గ్రాముల తేడా వచ్చినా ముద్ద మారిపోతుంది. వంటింటి తూకం మిషను లేకపోతే ముందు అది కొనుక్కోండి.

ఓటీజీని పై రాడ్డు, కింది రాడ్డు రెండూ వేసి 200 డిగ్రీల మీద కనీసం 15 నిమిషాలు వేడెక్కనివ్వండి. ఈలోగా వెడల్పాటి బేసిన్‌లో స్టార్చ్ పోసుకోండి. పాలు, నూనె, ఉప్పు కలిపి పొయ్యి మీద పెట్టండి. అంచుల్లో బుడగలు వస్తే చాలనుకోవద్దు. పాలు పొంగి పైకి లేవాలి. లేచిన మరుక్షణం దించి, ఒక్కసారిగా స్టార్చ్ మీద కుమ్మరించి చెక్క గరిటెతో కలపండి. అప్పుడది చూడ్డానికి ఏమంత బాగుండదు. ఒకచోట గంజిలా మెరిసే ముద్దలు, ఇంకోచోట తడవని తెల్లపొడి కనిపిస్తాయి. అది అలాగే ఉండాలి, కంగారుపడి ఇంకా పాలు పోయకండి.

వేలు పెడితే ఓర్చుకోగలిగేంత వరకు ఆరనివ్వండి, పావుగంట పడుతుంది. తర్వాత ముద్దలు చిదుముతూ చేత్తో పిసకండి. గిలక్కొట్టిన మొదటి గుడ్డును రెండు విడతలుగా పోయండి. పోయగానే ముద్ద విడిపోయి జారుతుంది, పాడైపోయిందనిపిస్తుంది. రెండు నిమిషాలు ఆపకుండా పిసికితే మళ్లీ కలిసిపోతుంది. రెండో గుడ్డును గిలక్కొట్టి చెంచా చెంచాగా పోయండి. చాలాసార్లు అందులో సగం సరిపోతుంది. చివర చీజు వేసి కలపండి. ముద్ద బొబ్బట్ల పైపిండిలా మెత్తగా సాగుతూ, నూనె రాసిన అరచేతికి అంటకుండా ఉండ కావాలి.

27 గ్రాముల చొప్పున, చిన్న నిమ్మకాయంత ఉండలు చేసి, నూనె రాసిన ట్రేలో నాలుగేసి సెంటీమీటర్ల ఎడంతో పెట్టండి. ట్రే మధ్య అరలో ఉండాలి. 200 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు, తర్వాత 180కి తగ్గించి ఇంకో 12 నుంచి 15 నిమిషాలు. మొదటి పావుగంట తలుపు తియ్యొద్దు. లేత బంగారు రంగు వచ్చి, అక్కడక్కడా చీజు మచ్చలు గోధుమరంగుకు తిరిగితే అయినట్టే. ఒకటి చేతిలోకి తీసుకుంటే కంటికి కనిపించే సైజు కంటే తేలిగ్గా ఉండాలి. బరువుగా ఉంటే లోపల ఇంకా పచ్చిదే.

ప్రశ్న: దుకాణంలో టాపియోకా పిండి అని అడిగి తెచ్చాను. కొలతలన్నీ సరిగ్గానే వేశాను. బన్నులు పొంగకపోగా మట్టిరంగులో, ఇటుకముక్కల్లా వచ్చాయి. లోపల పీచు పీచుగా ఉంది. ఎక్కడ పొరపాటు జరిగింది? (కె.ఆర్. పురం నుంచి)

జవాబు: మీ చేతిలో పొరపాటేమీ లేదు, పిండే వేరు. ఈ వంటకంలో చీజు మారినా, పాలు మారినా ఎలాగోలా గట్టెక్కవచ్చు. పిండి మారితే మాత్రం దారే లేదు.

కర్రపెండలం నుంచి రెండు రకాల పొడులు వస్తాయి. దుంపను చెక్కు తీసి, ఎండబెట్టి, మొత్తంగా మరాడిస్తే వచ్చేది కర్రపెండలం పిండి. అందులో పీచు ఉంటుంది, రంగు కాస్త పసుపు ఛాయలో ఉంటుంది. కేరళ కొట్లలో కప్పపొడి పేరుతో దొరికేది ఇదే, పుట్టుకు బాగుంటుంది. రెండోది స్టార్చ్. దుంపను రుబ్బి, నీళ్లతో కడిగి, గుడ్డలో వడగట్టి, అడుగున పేరుకున్న తెల్లటి ముద్దను ఆరబెడితే వచ్చేది. మనకు కావలసింది ఈ రెండోదే. మీరు తెచ్చింది మొదటిదని పీచే చెబుతోంది.

బెంగళూరులో బేకరీ సామాను అమ్మే దుకాణాల్లో టాపియోకా స్టార్చ్ అని స్పష్టంగా అడగండి. కన్నడంలో కర్రపెండలాన్ని మరగెణసు అంటారు, సగ్గుబియ్యం సబ్బక్కి. చెన్నైలో అయితే మరవళ్ళి కిళంగు, జవ్వరిసి. ఆరారూట్ పొడి పేరుతో మన కొట్లలో అమ్మేది తరచుగా ఈ కర్రపెండలం స్టార్చే. కానీ పేరును నమ్మి మొత్తం ముద్ద కలిపేయకుండా ఇంట్లో చిన్న పరీక్ష చేయండి.

ఒక చెంచా పొడిని పావు కప్పు చన్నీళ్లలో కలిపి, చిన్న గిన్నెలో సన్నని సెగ మీద తిప్పండి. కర్రపెండలం స్టార్చ్ అయితే ఒక్క నిమిషంలో తెల్లదనం పోయి అద్దంలా తేటపడుతుంది. చెంచా పైకి లేపితే బంకలా పొడుగ్గా తీగ సాగుతుంది. కార్న్‌ఫ్లోర్ అయితే చిక్కబడుతుంది కానీ పాలలా తెల్లగానే ఉంటుంది, చెంచా లేపితే తీగ రాదు, తెగిపడుతుంది. కప్పపొడి అయితే అడుగున నలకలు కనిపిస్తాయి. తీగ సాగే గుణమే రేపు బన్నులో ఆవిరిని పట్టి ఉంచేది.

సగ్గుబియ్యం మిక్సీలో పట్టి వాడొచ్చా అని జయనగర్ నుంచి ఒకరు అడిగారు. స్టార్చ్ అదే అయినా, సేలం వైపు మిల్లుల్లోగానీ మన సామర్లకోట, పెద్దాపురం వైపుగానీ గింజ కట్టాక పెనం మీద వేయించడమో, ఆవిరి పట్టడమో చేస్తారు. అంటే కొంత అప్పటికే ఉడికి ఉంటుంది. దాని పొడి నీళ్లు ఎక్కువ తాగుతుంది, సాగడం తగ్గుతుంది. స్టార్చ్ ఎంతకీ దొరకనప్పుడు మెత్తటి జల్లెడ పట్టి, వేడి పాలు పోశాక అరగంట నాననిచ్చి వాడండి. తినడానికి బాగుంటాయి, ఎత్తు మాత్రం ఆశించకండి.

ప్రశ్న: బ్రెజిల్‌లో పులిసిన స్టార్చ్ వేస్తారని విన్నాను. అది లేకుండా ఆ రుచి వస్తుందా? పులిసిన పెరుగు వేస్తే సరిపోతుందా? (మల్లేశ్వరం నుంచి)

జవాబు: నిజమే, అక్కడ తీపి స్టార్చ్, పులుపు స్టార్చ్ అని రెండు అమ్ముతారు. తీపి అంటే చక్కెర వేసిందని కాదు, పులవనిదని అర్థం. పులుపు స్టార్చ్ తయారీలో తడి స్టార్చ్‌ని కొన్ని వారాలు నీళ్ల అడుగున పులవనిచ్చి, తర్వాత ఎండలో ఆరబెడతారు. ఇందులో ఎండది పెద్ద పాత్ర. పులుపు, సూర్యకాంతి రెండూ కలిసి స్టార్చ్ స్వభావాన్నే మారుస్తాయి. అదే స్టార్చ్‌ని మిషన్లో వేడిగాలితో ఆరబెడితే అంతగా పొంగదు. పులుపు స్టార్చ్ బన్ను పెద్దగా పొంగి లోపల గుల్లగా, పైన పెళుసుగా ఉంటుంది. తీపి స్టార్చ్‌ది నున్నగా, లోపల నిండుగా, జిగురుగా ఉంటుంది. చాలా ఇళ్లల్లో రెండూ కలిపి వేస్తారు. మనకు దొరికేది తీపి రకమే, దాంతో చేసినా అది అసలైన బన్నే.

పెరుగు పులుపునిస్తుంది కానీ ఆ పొంగు ఇవ్వలేదు. కాస్త పుల్లదనం కావాలంటే పాలు 90 మిల్లీలీటర్లకు తగ్గించి, రెండు పెద్ద చెంచాల పుల్ల పెరుగు గుడ్డుతో పాటు కలపండి. పాలతో కలిపి కాచారో, విరిగిపోతుంది.

ప్రశ్న: అసలు ఏ చీజు వేయాలి? ఇంట్లో ఎప్పుడూ ఉండేది ప్రాసెస్డ్ చీజు క్యూబులు, పనీరు. మేం శాకాహారులం, గుడ్డు తింటాం కానీ చీజులో దూడ పొట్టలోంచి తీసిన పదార్థం ఉంటుందంటే భయం. (మారతహళ్లి నుంచి)

జవాబు: అక్కడ వేసేది మీనాస్ చీజు. పచ్చిపాలతో చేసి, కొన్ని రోజులు మాగబెట్టింది. ఆ చీజు తయారుచేసే సంప్రదాయ పద్ధతులను 2024 డిసెంబరులో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది. అది మనకు దొరకదు కాబట్టి దాని గుణాలను రెండు చీజుల మధ్య పంచుకోవాలి. ఉప్పదనం, మాగిన వాసన ఒకదాని నుంచి, కరిగి సాగే గుణం ఇంకోదాని నుంచి. 125 గ్రాముల్లో చెడ్డార్ 75, మొజరెల్లా 50 మాకు అన్నిటికంటే నచ్చిన పాళ్లు. మొజరెల్లా దిమ్మగా అమ్మేది తీసుకోండి. నీళ్లలో తేలే తెల్లటి ఉండలు వద్దు, వాటి తడికి ముద్ద జారిపోతుంది. మొజరెల్లా ఒక్కటే వేస్తే రుచి చప్పగా ఉంటుంది.

ఇంట్లో ఉన్నవాటితోనే చేయాలంటే ప్రాసెస్డ్ చీజు 75, పనీరు 50 గ్రాములు. పనీరు కరగదు, ఉప్పు ఉండదు, కానీ పాలరుచి బాగా ఇస్తుంది. గుడ్డలో కట్టి అరగంట బరువు పెట్టి, నీళ్లు దిగాక మెత్తగా చిదిమి వేయండి. ప్రాసెస్డ్ చీజులో ఉప్పు ముందే ఉంటుంది కనుక మీరు వేసే ఉప్పు సగానికి, పాలు 100 మిల్లీలీటర్లకు తగ్గించండి. క్యూబులు తురమడం కష్టమైతే 20 నిమిషాలు డీప్ ఫ్రీజర్‌లో పెట్టి తురమండి.

మీ భయం అర్థం లేనిది కాదు. పాలను విరిచే రెన్నెట్ అనే పదార్థాన్ని కొన్ని చీజుల్లో దూడ పొట్ట నుంచే తీస్తారు. ఇటలీ నుంచి వచ్చే అసలు పార్మిజానో రెజ్జానో అలాంటిదే. సూక్ష్మజీవుల నుంచి తీసిన రెన్నెట్ వేసిన చీజులూ ఉన్నాయి. ప్యాకెట్ మీద ఆకుపచ్చ గుర్తు, పదార్థాల వరసలో మైక్రోబియల్ అన్న మాట చూసి తీసుకోండి.

ప్రశ్న: నావి ట్రేలో దోసెల్లా పరుచుకున్నాయి. మా వదినవి బ్రహ్మాండంగా పొంగి, బయటికి తియ్యగానే చప్పబడిపోయాయి. ఇద్దరం ఒకే కొలతలు వాడాం. (ఎలక్ట్రానిక్ సిటీ నుంచి)

జవాబు: రెండూ వేర్వేరు జబ్బులు. మీది ముద్దలోనే ఉంది. పాలు సరిగా పొంగకముందే దించి ఉంటారు, లేదా రెండో గుడ్డు మొత్తం పోసి ఉంటారు. స్టార్చ్ ఉడకకపోతే నీటిని పట్టుకోదు, ఆ నీరంతా ఓవెన్లో జారి పరుచుకుంటుంది. ఇంకోసారి ముద్ద జారుగా వస్తే పొడి స్టార్చ్ చల్లకండి, అది పచ్చిగానే ఉండి పిండివాసన వేస్తుంది. గిన్నె మూతపెట్టి 40 నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచండి, చాలావరకు బిగుస్తుంది.

మీ వదినగారిది వేడి సంగతి. పైన రంగు వచ్చింది కదాని ముందే తీసేశారు. లోపలి గోడ ఇంకా తడిగా ఉంది, ఆవిరి చల్లారగానే కూలిపోయింది. ఇంకో ఐదారు నిమిషాలు 170 దగ్గర ఉంచితే నిలబడేవి. పైభాగం త్వరగా మాడుతోందనిపిస్తే పై రాడ్డు ఆపేసి కింది రాడ్డు మీద పూర్తి చేయండి. చిన్న ఓటీజీల్లో నాబు మీద ఉన్న అంకెకు, లోపలి వేడికి చాలా తేడా ఉండొచ్చు. లోపల పెట్టే ఓవెన్ థర్మామీటర్ ఒకటి కొంటే మిగతా బేకింగులన్నిటికీ పనికొస్తుంది.

కొద్దిగా నెర్రెలు విచ్చి, కాస్త కుంగడం మాత్రం తప్పు కాదు. అది ఈ బన్ను స్వభావం.

ప్రశ్న: ఓవెన్ లేదండీ, పేయింగ్ గెస్టు గదిలో ఉంటున్నాను. ఉండలు చేసి బోండాల్లా నూనెలో వేయించేస్తే? (బీటీఎం లేఅవుట్ నుంచి)

జవాబు: దయచేసి ఆ పని చేయకండి. సగ్గుబియ్యం వడలు నూనెలో టప్పున పేలడం మీరు చూసే ఉంటారు. ఈ ముద్ద అంతకంటే ప్రమాదం. నూనెలో పడగానే పైన జిగురుపొర సీలు వేసినట్టు బిగుసుకుంటుంది. లోపలి నీరు ఆవిరై పోవడానికి సందు ఉండదు, ఉండ పగిలి కాగే నూనె మొహం మీదికి చిమ్ముతుంది. ఓవెన్లో పగిలితే చీజు కారుతుంది, అంతే.

మీకు గుంతపొంగనాల పెనం ఉంటే చాలు. కన్నడంలో పడ్డు హంచు అంటారు, ఏ పాత్రల కొట్లోనైనా దొరుకుతుంది. బ్రెజిల్‌లోనూ ఇదే పిండిని పెనం మీద కాల్చుకునే అలవాటుంది. దీనికి పాలు కాచక్కర్లేదు. గుడ్డు 1, పాలు 160 మిల్లీలీటర్లు, నూనె 60 మిల్లీలీటర్లు, స్టార్చ్ 180 గ్రాములు, చీజు 70 గ్రాములు, అర చెంచాకు కాస్త పైన ఉప్పు, అన్నీ మిక్సీలో ఒక నిమిషం తిప్పండి. దోసెల పిండి కంటే పలచగా ఉంటుంది. స్టార్చ్ అడుక్కి దిగిపోతూ ఉంటుంది కనుక పోసే ప్రతిసారీ అడుగు నుంచి కలపండి. గుంటల్లో నూనెచుక్క వేసి, ముప్పావు వంతు నింపి, మూతపెట్టి సన్నని సెగ మీద 5, 6 నిమిషాలు, తిప్పి ఇంకో 3, 4 నిమిషాలు. ఓవెన్ బన్నులా గుల్లవిచ్చవు, కానీ పైపొర కరకర, లోపల సాగుడు రెండూ వస్తాయి. ఇదే పిండిని మఫిన్ అచ్చుల్లో పోసి 200 డిగ్రీల దగ్గర 15 నుంచి 20 నిమిషాలు కూడా కాల్చుకోవచ్చు.

ఎయిర్ ఫ్రయర్ ఉన్నవాళ్లకు: మొదట చెప్పిన గట్టి ముద్దను 20 గ్రాముల ఉండలు చేసి 170 దగ్గర 12 నుంచి 14 నిమిషాలు. మైక్రోవేవ్ అయితే కన్వెక్షన్ మోడు (ఓవెన్‌లా వేడిగాలితో కాల్చే పద్ధతి) ఉంటేనే. ఉత్త మైక్రోవేవ్‌లో రబ్బరు తయారవుతుంది.

ప్రశ్న: మా అత్తగారు గుడ్డు ముట్టరు. గుడ్డు లేకుండా కుదురుతుందా? (రాజాజీనగర్ నుంచి)

జవాబు: కుదురుతుంది. రెండు గుడ్ల బదులు ఉడికించిన బంగాళాదుంప 100 గ్రాములు, అదనంగా పాలు 30 మిల్లీలీటర్లు వేయండి. దుంపను తొక్కతోనే ఉడికించి, వేడిగా ఉన్నప్పుడే జల్లెడ మీద రుద్ది దించాలి. మిక్సీలో వేస్తే బంక అయిపోతుంది. అర చెంచా బేకింగ్ పౌడరు కలిపితే కాస్త సాయం. ఉండలు 20 గ్రాములకు మించనివ్వకండి, పెద్దవి మధ్యలో పచ్చిగా మిగిలిపోతాయి. గుడ్డు బన్ను అంత ఎత్తు రాదు, మెత్తదనంలో మాత్రం లోటు ఉండదు. అత్తగారి కోసం చేసేటప్పుడు చీజు ప్యాకెట్ మీద పైన చెప్పిన గుర్తు కూడా చూడండి.

ప్రశ్న: బెంగళూరు ఎత్తులో ఉంది కదా, కొలతలు మార్చాలా? (హెబ్బాళ నుంచి)

జవాబు: అక్కర్లేదు. ఇక్కడ సుమారు 900 మీటర్ల ఎత్తు, నీళ్లు 97 డిగ్రీల దగ్గర మరుగుతాయి. స్టార్చ్ ఉడకడానికి అది చాలు. మీనాస్ జెరైస్ రాజధాని బెలో హొరిజోంచి కూడా సుమారు 850 మీటర్ల ఎత్తులోనే ఉంది.

ప్రశ్న: మా వారికి షుగరు. మైదా లేదు కాబట్టి పెట్టొచ్చంటారా? (చెన్నై, అణ్ణానగర్ నుంచి)

జవాబు: మైదా లేకపోవడం గ్లూటెన్ (గోధుమలో ఉండే ప్రోటీన్) పడనివాళ్లకు మేలు, షుగరుకు కాదు. పై కొలతల్లో ఒక్కో ఉండలో సుమారు 11 గ్రాముల స్టార్చ్ ఉంటుంది, అది త్వరగా చక్కెరగా మారే రకం. మూడు తింటే 33 గ్రాములు. భోజనంలో అన్నం తగ్గించి దాని స్థానంలో ఒకటి రెండు పెట్టండి, ఎన్ని తినవచ్చో ఆయన డాక్టరుతో మాట్లాడి తేల్చుకోండి. గ్లూటెన్ పడనివాళ్లు వదులుగా తూచి అమ్మే స్టార్చ్ కొనొద్దు, పక్క డబ్బాలోని మైదా కలిసే అవకాశం ఉంది.

ప్రశ్న: పొద్దున చేసినవి సాయంత్రానికి తోలులా సాగుతున్నాయి. పిల్లల టిఫిను డబ్బాలో ఎలా పెట్టను? (సర్జాపుర రోడ్డు నుంచి)

జవాబు: కాల్చిన గంట తర్వాత ఏ ఇంట్లో చేసినా అలాగే అవుతాయి. చల్లారిన స్టార్చ్ మళ్లీ బిగుసుకోవడం వల్ల జరిగేది అది. మిగిలినవాటిని 160 డిగ్రీల దగ్గర 4, 5 నిమిషాలు వేడిచేస్తే తిరిగి కరకరలాడతాయి, అది ఒక్కసారికే. అందుకని కాల్చినవి దాచకుండా పచ్చి ఉండలు దాచండి. పళ్లెంలో ఒకదానికొకటి తగలకుండా పెట్టి డీప్ ఫ్రీజర్‌లో మూడు గంటలు ఉంచి, రాయిలా గట్టిపడ్డాక జిప్ కవరులోకి మార్చండి. రెండు నెలలు బాగుంటాయి. పొద్దున కావలసినన్ని తీసి, కరగనివ్వకుండా నేరుగా వేడి ఓవెన్లో 180 దగ్గర 28 నుంచి 30 నిమిషాలు పెట్టండి. డబ్బాలో పెట్టేముందు పది నిమిషాలు జాలీ మీద ఆరనివ్వండి. వేడిగా మూత బిగిస్తే చెమ్మ పట్టి పైపొర మెత్తబడిపోతుంది.